బీరేంద్ర కుమార్ భట్టాచార్య: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్ఞానపీఠ్ గ్రహీతల జాబితా చదువుకుంటూ పోతే 1979 దగ్గర ఒక అస్సామీ పేరు కనిపిస్తుంది. మనలో చాలామందికి ఆయనతో పరిచయం ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక లైను, అంతే. ఆయన నవలల గురించి మాట్లాడినప్పుడల్లా సాహిత్యం చదివే మిత్రులు అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. కొన్నింటికి ఒక్క మాటలో జవాబు సరిపోతుంది. ‘ఇయారుయింగం’, ‘మృత్యుంజయ్’ నవలల దగ్గర మాత్రం కాస్త ఆగి మాట్లాడుకోవాలి.

ఎవరీయన?

అస్సామీ నవలాకారుడు, కథకుడు, పత్రికా సంపాదకుడు. తర్వాతి కాలంలో గౌహతి విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠాలు చెప్పిన అధ్యాపకుడు కూడా. 1924 అక్టోబర్ 14న ఎగువ అస్సాంలో, అప్పటి శివసాగర్ జిల్లా సఫ్రాయ్ తేయాకు తోటలో పుట్టారు. జోర్‌హాట్‌లో హైస్కూలు చదివి, గువహాటి కాటన్ కాలేజీలో సైన్సు డిగ్రీ చేశారు. 1997 ఆగస్టు 6న కన్నుమూశారు.

పుట్టిన చోటు తేయాకు తోట అన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఆ తోటలు అస్సాంలోనే ఉన్నా అక్కడ పనిచేసే కూలీల్లో చాలామందిని తెల్లదొరల కాలంలో ఎక్కడెక్కడి నుంచో పట్టుకొచ్చారు. ఛోటా నాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, మన ఉత్తరాంధ్ర వైపు నుంచి కూడా వెళ్ళినవాళ్ళున్నారు. అస్సాం తోటల్లో ఇప్పటికీ తెలుగు మూలాలున్న కుటుంబాలు కనిపిస్తాయి. అస్సాం అంటే ఒకే భాష, ఒకే జాతి అనుకునే వీలు లేని చోట ఆయన కళ్ళు తెరిచారు. ఆయన నవలలు ఎప్పుడూ ఒకే కులం, ఒకే ఊరి గీత లోపల ఉండిపోకపోవడానికి ఇదీ ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

‘మృత్యుంజయ్’ అంటే కర్ణుడి కథ కదా?

అది వేరే పుస్తకం. మరాఠీలో శివాజీ సావంత్ కర్ణుడి మీద రాసిన నవల పేరు కూడా ‘మృత్యుంజయ’. అది 1967లో వచ్చింది, హిందీ అనువాదంతో దేశమంతా పాకింది. భట్టాచార్య ‘మృత్యుంజయ్’ 1970 నాటిది. అందులో పురాణం లేదు, 1942 క్విట్ ఇండియా ఉద్యమం ఉంది. పుస్తకాల షాపులో పేరు చెప్పి అడిగితే ఎక్కువసార్లు సావంత్ పుస్తకమే చేతికిస్తారు కాబట్టి రచయిత పేరు కూడా చెప్పి అడగండి.

జర్నలిస్టుగా ఆయన చేసిన పెద్ద పని ఏమిటి?

‘రాంధేను’ పత్రిక. ఆ మాటకు ఇంద్రధనుస్సు అని అర్థం. స్వాతంత్ర్యం తర్వాత, 1950ల మొదట్లో గువహాటి నుంచి వెలువడిన సాహిత్య మాసపత్రిక అది. దానికి వేరే సంపాదకులు లేరనలేం గానీ, పేరు చెప్పగానే అస్సామీ పాఠకులకు గుర్తొచ్చేది భట్టాచార్యే. తర్వాత ‘నవయుగ్’ అనే వారపత్రిక కూడా నడిపారు. యువకుడిగా సోషలిస్టు భావాలతో పెరిగినవాడు కావడంతో రాజకీయ వ్యాసాలు కూడా విస్తారంగా రాశారు.

ఒక పత్రిక పేరు మీద సాహిత్యంలో ఒక యుగాన్నే ఎలా పిలుస్తారు?

అస్సామీ సాహిత్య చరిత్రలో అదొక ఆనవాయితీ. అక్కడ కాలాలను రాజుల పేర్లతోనో కవుల పేర్లతోనో కాకుండా పత్రికల పేర్లతో విడదీసి చెబుతారు. 1846లో శివసాగర్ నుంచి బాప్టిస్టు మిషనరీలు ‘అరుణోదోయ్’ తెచ్చారు. 1889లో కలకత్తాలో చదువుకుంటున్న అస్సామీ కుర్రాళ్ళు ‘జొనాకి’ మొదలుపెట్టారు. లక్ష్మీనాథ్ బెజ్‌బరువా, చంద్రకుమార్ అగర్వాలా, హేమచంద్ర గోస్వామి ఆ గుంపులోని వాళ్ళే. 1929లో ‘ఆవాహన్’, తర్వాత ‘జయంతి’, ఆ తర్వాత ‘రాంధేను’.

దీని వెనక ఒక గాయం ఉంది. 1830లలో బ్రిటిష్ ప్రభుత్వం అస్సాం కోర్టుల్లో, బడుల్లో బెంగాలీని అధికార భాషగా పెట్టింది. 1873 దాకా, అంటే దాదాపు నాలుగు దశాబ్దాలు, అస్సామీ పిల్లలు సొంత ఊళ్ళో సొంత భాషలో చదువుకోలేకపోయారు. మాది బెంగాలీకి యాస కాదు, విడి భాష అని నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ నిరూపణ జరిగింది పత్రికల్లోనే. అందుకే ఆ సమాజంలో పత్రికా సంపాదకుడికి మనం ఊహించలేనంత గౌరవం ఉంటుంది. తెలుగులో కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1924లో పెట్టిన ‘భారతి’ స్థానం తెలిసినవాళ్ళకు ‘రాంధేను’ విలువ కొంత అర్థమవుతుంది. అయినా మనం భారతి యుగం అని ఒక కాలానికి పేరు పెట్టుకోలేదు.

‘రాంధేను’ పేజీల్లో నవకాంత బరువా, అజిత్ బరువా వంటి కవులు కొత్త కవిత్వానికి దారి వేశారు. సౌరభ్ కుమార్ చలిహా, భబేంద్రనాథ్ సైకియా, హోమెన్ బర్గొహాయిఁ వంటి కథకులు అక్కడే ఎదిగారు. వీళ్ళలో చాలామంది తర్వాతి కాలంలో జాతీయ స్థాయి పేర్లు. కొత్తవాళ్ళ రాతల్ని చదివి, నిలబెట్టి, పాఠకుల ముందుకు తేవడం కనిపించని శ్రమ. ఆయన సొంత నవలల కన్నా ఈ పని చిన్నదని నేను అనుకోను.

ఆయన మణిపూర్‌లోని ఉఖ్రుల్‌లో ఉన్నారంటారు, నిజమేనా?

నిజమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అక్కడి వెంచర్ హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఉఖ్రుల్ ఇంఫాల్‌కు ఈశాన్యంగా కొండల మీద ఉన్న ఊరు, తాంగ్‌ఖుల్ నాగాల ముఖ్య కేంద్రం. 1896లో విలియం పెట్టిగ్రూ అనే మిషనరీ అక్కడికి వచ్చాక ఆ ప్రాంతంలో బడి, చర్చి మొదలయ్యాయి. 1944 మార్చిలో జపాన్ సైన్యం బర్మా సరిహద్దు దాటి ఈ కొండల మీదుగానే ఇంఫాల్, కోహిమాల వైపు వచ్చింది. ఉఖ్రుల్ దగ్గరి సాంగ్షాక్‌లో భీకరమైన పోరు జరిగింది. ఇంఫాల్ కోసం యుద్ధం ఆ జూలై దాకా సాగింది.

అంటే భట్టాచార్య అక్కడ పాఠాలు చెప్పేనాటికి యుద్ధం ముగిసి కొన్నేళ్ళే అయింది. తగలబడిన ఊళ్ళు, తిండి దొరకని రోజులు, చనిపోయినవాళ్ళ పేర్లు అన్నీ పిల్లల జ్ఞాపకాల్లో ఇంకా పచ్చిగా ఉన్నాయి. మరోవైపు అంగామి జాపు ఫిజో నాయకత్వంలో నాగా జాతీయ మండలి విడి దేశం కావాలని అడుగుతోంది. 1951 మేలో వాళ్ళు సొంతంగా ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిపారు. యుద్ధం వదిలి వెళ్ళిన శిథిలాలు, ముందు రాబోతున్న తిరుగుబాటు, ఈ రెండింటి మధ్య ఒక చిన్న కొండ ఊరు. ఒక సమాజం ఇలా మలుపు తిరిగే క్షణాన అక్కడే ఉండి చూసే అవకాశం రచయితలకు అరుదుగా దొరుకుతుంది.

‘ఇయారుయింగం’ దేని గురించి?

1960లో వచ్చిన ఈ నవల ఆ ఉఖ్రుల్ రోజుల నుంచి పుట్టింది. పేరు తాంగ్‌ఖుల్ భాషది, ప్రజల పాలన అని అర్థం. 1961లో దీనికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

కథ మధ్యలో ఇద్దరిని పెట్టుకుని చదవండి. ఒకరు షారెంగ్లా. యుద్ధ సమయంలో ఇషెవారా అనే జపాన్ సైనికుడు ఆమెను తన దగ్గర ఉంచుకున్నాడు. సైన్యం వెనక్కి పోయింది, అతనూ పోయాడు. మిగిలింది ఆమె, ఆమెను చూసి మొహం తిప్పుకునే ఊరు. యుద్ధం ఆమె శరీరం మీద జరిగింది, శిక్ష కూడా ఆమెకే పడింది. రెండో మనిషి రిషాంగ్. చదువుకున్న యువకుడు, గాంధీ మాటల మీద నమ్మకం ఉన్నవాడు. తన జాతికి గౌరవం కావాలి, కానీ తుపాకీ దారి వద్దు అనుకునేవాడు. అతనికి ఎదురుగా విదెస్సెలి ఉంటాడు. సుభాస్ చంద్రబోస్ సైన్యంతో నడిచి వచ్చిన మనిషి, సాయుధ పోరాటమే మార్గం అనే నాయకుడు. ఈ పాత్రలో ఫిజో ఛాయలు చూసేవాళ్ళున్నారు. రిషాంగ్‌ను ప్రేమించే ఖుతింగ్లా ఈ వాదాల మధ్య నలిగిపోతుంది.

విదెస్సెలిని విలన్‌గా చూపించి చేతులు దులుపుకోవడం రచయితకు చాలా సులువు. పైగా 1960లో నాగా కొండల్లో సైన్యం ఉంది, దేశమంతటా వేర్పాటువాదం అంటే కోపం ఉంది. అలాంటి సమయంలో కూడా ఆయన ఆ మనిషికి కారణాలిచ్చారు, మాటలిచ్చారు, అతన్ని అనుసరించే వాళ్ళ కడుపు మంట చూపించారు. అతనితో ఏకీభవించలేదు, అయినా అతని వాదాన్ని పూర్తిగా విన్నారు. ఇది నాకు మంచి రిపోర్టర్ లక్షణంగా కనిపిస్తుంది. ఎవరి మాట నచ్చినా నచ్చకపోయినా ముందు అది పూర్తిగా రాసుకోవాలి అన్న క్రమశిక్షణ ఈ నవల పొడవునా ఉంది.

నాగా కాని మనిషి నాగాల కథ రాయొచ్చా?

ఈ ప్రశ్న అడగాల్సిందే. ఆయన మైదానం మనిషి, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు, రాసింది అస్సామీలో. నాగా కొండల వాళ్ళకు మైదానం వాళ్ళంటే పన్నులు, వ్యాపారం, అధికారం గుర్తొచ్చే కాలమది. అస్సామీ నవల మొదటి నుంచీ కొండ జాతుల, నదీ తీర జాతుల కథలు చెబుతూనే ఉంది. రజనీకాంత బర్దలై 19వ శతాబ్దం చివర్లోనే మిసింగ్ జాతి యువతి మీద ‘మిరి జియరి’ రాశారు. కానీ దూరం నుంచి చూసి ముచ్చటపడి రాయడం ఒకటి, అక్కడ ఉండి వాళ్ళ రాజకీయాన్ని సీరియస్‌గా తీసుకుని రాయడం ఇంకొకటి.

‘ఇయారుయింగం’లో కొండల అందం గురించి తక్కువ ఉంటుంది, ఊరి సభల్లో జరిగే వాదన ఎక్కువ ఉంటుంది. నాట్యాలు, ఈకలు, కత్తులు చూపించి మురిపించే రచన కాదిది. అయినా నాగాల జీవితాన్ని నాగాల గొంతులోనే వినాలి. ఈ నవల చదివాక ఈస్టరీన్ కిరే, తెమ్సులా ఆవో రచనలు తప్పకుండా చదవండి. కోహిమా యుద్ధం మీద కిరే రాసిన ‘మారి’ని దీని పక్కన పెట్టి చదివితే ఒకే యుద్ధం రెండు వైపుల నుంచి కనిపిస్తుంది.

‘మృత్యుంజయ్’ నేపథ్యం ఏమిటి? 1942లో అస్సాంలో ఏం జరిగింది?

క్విట్ ఇండియా అనగానే మనకు బొంబాయి, బల్లియా, సతారా గుర్తొస్తాయి. తెలుగువాళ్ళకు తెనాలి కూడా గుర్తుంటుంది. 1942 ఆగస్టు 12న తెనాలి స్టేషన్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు, వాళ్ళ జ్ఞాపకంగానే అక్కడ రణరంగ చౌక్ ఉంది. అస్సాంలో పరిస్థితి ఇంకా ఉద్రిక్తంగా ఉండేది. బర్మా జపాన్ చేతిలో పడింది. యుద్ధం వాకిట్లోకి వచ్చింది. సైనికులు, ఆయుధాలు, రేషన్ అన్నీ అస్సాం రైలు పట్టాల మీదుగానే సరిహద్దుకు వెళ్ళాలి. ఊళ్ళలో సైన్యం విడిది చేసింది, ధరలు పెరిగాయి, ఆడవాళ్ళకు రక్షణ లేకుండా పోయింది.

సెప్టెంబర్ 20న గొహ్‌పూర్‌లో పోలీసు స్టేషన్ మీద జెండా ఎగరేయబోయిన కనకలత బరువా, ముకుంద కాకతి కాల్పుల్లో చనిపోయారు. కనకలతకు పదిహేడేళ్ళు. ఆమె చేరిన దళం పేరు మృత్యు బాహిని. నగాఁవ్ జిల్లాలో భోగేశ్వరి ఫుకననీ అనే పెద్దావిడ జెండా కర్రతో ఒక అధికారిని కొట్టి తుపాకీ గుండుకు బలైపోయింది. అదే నగాఁవ్ జిల్లాలో 1861లోనే ఫులగురి రైతులు పన్నుల మీద, నల్లమందు సాగు నిషేధం మీద తిరగబడ్డారు. భట్టాచార్య నవలకు ఎంచుకున్న నేల ఈ నగాఁవ్.

కథ ఒక పథకం చుట్టూ తిరుగుతుంది. సైనికుల రైలును పట్టాలు తప్పించాలి. కొద్దిమంది మనుషులు, అడవి దారులు, వానలు, చలి, పోలీసు వేగులు. కథ మొత్తం ఆ పని వైపు అడుగు అడుగుగా నడుస్తుంది. చివరికి రైలు పడిపోతుంది. పథకం వేసినవాళ్ళలో మహద గోసాయి, ధన్‌పూర్ కూడా ప్రాణాలు కోల్పోతారు.

గోసాయి అంటే ఎవరు? ఆ పాత్రకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

దీనికి అస్సాం వైష్ణవం గురించి కొంచెం తెలియాలి. శ్రీమంత శంకరదేవుడు 15, 16 శతాబ్దాల్లో అక్కడ భక్తి మార్గాన్ని వ్యాప్తి చేశాడు. ఆయన తర్వాత సత్రాలు వెలిశాయి. సత్రం అంటే మన యాత్రికుల సత్రం లాంటిది అనుకోకండి, అది వైష్ణవ మఠం. దాని పెద్దను గోసాయి అంటారు. ఊరూరా నామ్‌ఘర్ అనే ప్రార్థనా మందిరం ఉంటుంది, ఊరి పంచాయితీలు కూడా అక్కడే జరుగుతాయి. జీవహింస చేయకూడదన్నది ఆ మార్గంలో బలమైన నమ్మకం.

అలాంటి సత్రం పెద్ద చేతికి తుపాకీ వస్తే? మహద గోసాయి గాంధీ అనుచరుడు, పైగా వైష్ణవుడు. రైలు కూల్చాలి అని నిర్ణయం తీసుకున్నాక కూడా అతనికి నిద్ర పట్టదు. రైల్లో ఉన్నవాళ్ళెవరు? వాళ్ళ తప్పేమిటి? చేస్తున్నది పాపమని తెలిసే చేస్తాడు, ఆ పాపాన్ని ఎవరి మీదకూ నెట్టకుండా తనే మోస్తాడు. ఇలాంటి పాత్రను మిగతా భారతీయ నవలల్లో నేను ఎక్కువగా చూడలేదు. స్వాతంత్ర్య పోరాటం మీద వచ్చిన చాలా నవలల్లో వీరుడికి సందేహం ఉండదు. ఇక్కడ సందేహమే వీరుణ్ణి మనిషిగా నిలబెడుతుంది.

రూపనారాయణ్ పాత్ర దీనికి పూర్తిగా వేరు. యువకుడు, విప్లవ భావాలు చదువుకున్నవాడు. గోసాయికి నొప్పి కలిగించే ప్రశ్నలకు అతని దగ్గర సిద్ధాంతం ఉంది. ఆ సిద్ధాంతం రక్తం చూశాక ఎంతవరకు నిలుస్తుందన్నది నవల చివరి భాగంలో కనిపిస్తుంది.

రైలు కూల్చడం నిజంగా జరిగిందా?

1942లో అస్సాంలో రైళ్ళను పట్టాలు తప్పించిన ఘటనలు జరిగాయి. వాటిలో సరుపథార్ ఘటన తెలుసుకోవాలి. అక్టోబర్ 10న గోలాఘాట్ వైపు సరుపథార్ దగ్గర ఒక సైనిక రైలు పడిపోయింది. ఆ నేరం కింద కుశల్ కోఁవర్ అనే కాంగ్రెస్ నాయకుణ్ణి పట్టుకున్నారు. ఆయన పక్కా గాంధేయవాది. ఆ కుట్రలో తనకు సంబంధం లేదన్నారు. అయినా 1943 జూన్ 15న జోర్‌హాట్ జైల్లో ఉరితీశారు. క్విట్ ఇండియా చరిత్ర రాసేటప్పుడు అస్సామీలు ఈ పేరును వదిలిపెట్టరు.

‘మృత్యుంజయ్’ ఈ కేసు కథ చెప్పదు, దాని నేల నగాఁవ్ జిల్లా. కానీ అహింసను నమ్మినవాళ్ళే రైలు పట్టాల దగ్గర నిలబడాల్సి వచ్చిన ఏడాది అది అని గుర్తుపెట్టుకుని చదివితే గోసాయి కలత మనకు కల్పనలా అనిపించదు. ఆ ఏడాది అక్టోబర్‌లోనే భట్టాచార్యకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఆ ఏడాదిని చూసిన తరం మనిషి ఆయన.

నవలలో ఆడవాళ్ళకు చోటు ఉందా?

ఉంది, కానీ నాకు ఇంకొంచెం ఉంటే బాగుండేదనిపిస్తుంది. డిమి అనే కొండ యువతి ధన్‌పూర్ కోసం, ఉద్యమం కోసం ప్రాణానికి తెగిస్తుంది. కలి బైదేవ్ ఊరి ఆడవాళ్ళను ఉద్యమంలోకి తెస్తుంది. బైదేవ్ అంటే అక్క. సుభద్ర అనే అమ్మాయి మీద సైనికులు అత్యాచారం చేస్తారు. ఆ తర్వాత ఆమె బతకలేకపోతుంది. షారెంగ్లా కథ రాసిన చేయే పదేళ్ళ తర్వాత సుభద్ర కథ రాసింది. సైన్యం జపాన్‌దైనా బ్రిటిష్‌దైనా ఆడవాళ్ళకు జరిగేది ఒకటే అని ఆ రెండు నవలలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సుభద్రకు షారెంగ్లాకు ఇచ్చినంత లోతు ఇవ్వలేదన్నదే నా ఫిర్యాదు. ‘మృత్యుంజయ్’లో ఆమె బాధ ఎక్కువగా మగవాళ్ళ నిర్ణయాలను కదిలించే కారణంగా మిగిలిపోయింది.

అయితే ఆయన హింసను సమర్థించారా?

రెండు నవలల్నీ చదివినవాళ్ళు ఈ విషయంలో తరచూ వాదించుకుంటారు. ‘ఇయారుయింగం’లో ఆయన మనసు రిషాంగ్ వైపు ఉంది, అంటే అహింస వైపు. ‘మృత్యుంజయ్’లో రైలు కూల్చిన వాళ్ళను ఆయన ప్రేమతో రాశారు. పరాయి పాలన మీద పోరాటంలో ఒక రకంగా, స్వతంత్ర దేశం మీద తిరుగుబాటులో ఇంకో రకంగా ఆలోచించారా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే.

నా అభిప్రాయం చెబుతాను. రెండు చోట్లా ఆయన అడిగింది ఒకటే. మంచివాడు ఒకసారి చంపాక ఏమవుతాడు? కారణం ఎంత గొప్పదైనా చంపిన చేతికి ఏదో అంటుకుంటుంది, ఆ మనిషి అంతకు ముందులా ఉండడు. ‘మృత్యుంజయ్’లో రైలు పడిపోయాక పండగ వాతావరణం ఉండదు. గెలిచినవాళ్ళ మొహాల్లో అలసట ఉంటుంది. ఆయన సోషలిస్టు నేపథ్యం, గాంధీ మీద గౌరవం, వైష్ణవ పెంపకం ఈ మూడూ ఒకదాన్నొకటి వదలకుండా ఆ పేజీల్లో పెనుగులాడతాయి. జవాబు చెప్పేసి ఉంటే నవల చిన్నదైపోయేది.

మిగతా నవలలు ఏమిటి?

మొదటి నవల ‘రాజపథే రింగియాయ్’ 1955లో వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చిన రోజును సామాన్యుల వైపు నుంచి చూస్తుంది. ‘ఆయి’ 1960 నాటిది. ‘ప్రతిపద్’ 1939 డిగ్బోయ్ చమురు కంపెనీ కార్మికుల సమ్మె మీద రాశారు. కార్మికుల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు దీన్ని వెతికి పట్టుకోవాలి. దేశంలో చమురు పరిశ్రమ పుట్టిన ఊరిలో కార్మికులు తిరగబడిన కథ అది. ‘శతఘ్ని’, ‘కబర్ ఆరు ఫూల్’, ‘డైని’ వంటివి కూడా ఉన్నాయి. కథా సంపుటాల్లో ‘కలంగ్ ఆజియో బయ్’ ముఖ్యమైనది. కలంగ్ నగాఁవ్ గుండా పారే నది.

ఆయన గంభీరమైన రచయితేనా? హాస్యం లేదా?

గౌహతి విశ్వవిద్యాలయంలో ఆయన డాక్టరేట్ పరిశోధన చేసింది అస్సామీ సాహిత్యంలో హాస్యం, వ్యంగ్యం మీద. 1977లో డిగ్రీ వచ్చింది, తర్వాత అది ఇంగ్లీషులో పుస్తకంగా కూడా వచ్చింది. సొంత నవలల్లో మాత్రం ఊరి మాటల చమత్కారం తప్పితే పెద్దగా నవ్వించరు.

పురస్కారాలు, పదవులు?

1961లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1979లో ‘మృత్యుంజయ్’కి జ్ఞానపీఠ్. అస్సామీకి వచ్చిన మొదటి జ్ఞానపీఠ్ అదే. రెండోది 2000లో ఇందిరా గోస్వామికి, మూడోది నీల్మణి ఫూకన్‌కు వచ్చాయి. 1983లో అస్సాం సాహిత్య సభ అధ్యక్షుడిగా ఉన్నారు. విదేశీయుల సమస్య మీద అస్సాం ఉద్యమం మండుతున్న రోజులవి. 1988 నుంచి 1993 దాకా కేంద్ర సాహిత్య అకాడమీ అధ్యక్షుడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో వి.కె. గోకాక్, తర్వాత యు.ఆర్. అనంతమూర్తి ఉన్నారు.

పత్రికా రచన ఆయన నవలలకు మేలు చేసిందా, కీడు చేసిందా?

రెండూ. మేలు సంగతి పైన చెప్పాను, ఎదుటివాడి వాదాన్ని పూర్తిగా వినే గుణం. కీడు ఏమిటంటే కొన్నిచోట్ల పాత్రలు మాట్లాడుతున్నట్టుగా కాక సంపాదకీయం చదువుతున్నట్టుగా ఉంటుంది. ‘ఇయారుయింగం’లో రిషాంగ్ మాటలు కొన్నిసార్లు ఉపన్యాసం అవుతాయి. ‘మృత్యుంజయ్’లో మనుషులు ఎక్కువ, మొదటి యాభై అరవై పేజీల్లో ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడం కష్టం. పేర్లు ఒక కాగితం మీద రాసుకుని చదవండి, తప్పేం లేదు. అడవిలోకి అడుగుపెట్టాక పుస్తకం మిమ్మల్ని వదలదు.

ఏది ముందు చదవాలి? ఏ భాషలో?

హిందీ చదవగలిగితే భారతీయ జ్ఞానపీఠ్ ప్రచురించిన ‘మృత్యుంజయ్’తో మొదలుపెట్టండి. ఇంగ్లీషులో డి.ఎన్. బెజ్‌బరువా అనువాదం 1983లో వచ్చింది. ‘ఇయారుయింగం’ని భట్టాచార్య స్వయంగా ఇంగ్లీషులోకి తెచ్చారు. దాన్ని ‘కథా’ అనే ప్రచురణ సంస్థ 2005లో ‘లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ ఇన్సర్జెన్సీ’ పేరుతో వేసింది. ఆ పేరు చూసి ఇదేదో కొత్త పుస్తకం అనుకుని పక్కన పెట్టేవాళ్ళున్నారు, అదీ ఇదీ ఒకటే.

ఒక్కటే చదివే తీరిక ఉంటే నేను ‘ఇయారుయింగం’ చేతిలో పెడతాను. జ్ఞానపీఠ్ వచ్చింది రెండోదానికే అయినా, ఈశాన్యం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా, మణిపూర్ కొండల గురించి టీవీలో అరుపులు విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది షారెంగ్లా, రిషాంగ్‌లే. చదివేటప్పుడు మణిపూర్ మ్యాప్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇంఫాల్ లోయ, దాని చుట్టూ కొండలు, తూర్పున బర్మా సరిహద్దు ఎక్కడున్నాయో కనిపిస్తే సైన్యాలు ఎటు నుంచి వచ్చాయో, ఊళ్ళు ఎందుకు మధ్యలో చిక్కుకున్నాయో మొదటి అధ్యాయం నుంచే తెలుస్తుంది.